గణితపాఠము – తిరుగుటపా

ఒక సంఖ్యయొక్క వర్గము ఆ సంఖ్యకు సరిగా అయిదు రెట్లున్నది. ఆ సంఖ్య ఏది? తొమ్మిదవ తరగతి విద్యార్థి ఒకడు సమీకరణము వ్రాసి, ఇరువైపులను ఆ సంఖ్యతో భాగించి, 5 అని జవాబు తెచ్చి, దాని క్రింద రెండు గీతలు గీయును. ఆ జవాబు తప్పు కాదు. కాని పూర్తియు కాదు. సున్నయొక్క వర్గము సున్న. సున్నకు అయిదు రెట్లును సున్నయే. కనుక 0 కూడ జవాబే. తాను భాగించుచున్న సంఖ్య సున్న కావచ్చునేమో అను తలపు ఆ విద్యార్థికి రాలేదు. తరగతిలో బల్లల నడుమ తిరుగుచున్న ఉపాధ్యాయుడు సరిగా ఆ పంక్తివద్ద వ్రేలు పెట్టి, “దేనితో భాగించావు, బాబూ?” అని అడుగును. ఆ ఒక్క ప్రశ్నతో పని ముగియును.

ఉపాధ్యాయుడు నూరు మైళ్ళ దూరములో నున్నపుడు ఆ వ్రేలు పెట్టువా రెవరు? దూరమునుండి గణితము నేర్పుటకు సుమారు నూట ముప్పది సంవత్సరములుగా జరిగిన ప్రయత్నముల చరిత్ర యంతయు ఈ ప్రశ్నచుట్టు తిరుగుచున్నది. పాఠమును విద్యార్థి ఇంటికి పంపు సాధనములు తరతరమునకు వేగవంతము లగుచు వచ్చినవి. మొదట టపా, తరువాత రేడియో, ఆపైన టెలివిజను, నేడు అంతర్జాలము. విద్యార్థి వ్రాసిన కాగితము తిరిగి ఉపాధ్యాయుని కంటబడు మార్గము మాత్రము అంత వేగముగా పెరుగలేదు. కొన్నిచోట్ల వెనుకకు కూడ నడచినది.

టపాద్వారా పాఠము చెప్పినవారిలో ప్రసిద్ధుడు ఇంగ్లండు దేశీయుడైన ఐజాక్ పిట్‌మన్. 1840లో ఆ దేశమున ఒక పెన్నీకే ఉత్తరము దేశములో ఎక్కడికైనను చేరు ఏర్పాటు వచ్చినది. బాత్ నగరములో నున్న పిట్‌మన్ వెంటనే దానిని ఉపయోగించుకొని, తన సంక్షిప్తలిపి పాఠములను చిన్న కాగితములపై ముద్రించి పంపసాగెను. విద్యార్థులు బైబిలు వాక్యములను ఆ లిపిలో వ్రాసి తిప్పి పంపిరి. అతడు దిద్ది మరల పంపెను. అది గణితము కాదు, నిజమే. కాని దూరవిద్యకు మూలసూత్రము అక్కడనే ఉన్నది. పోయిన ప్రతి ఉత్తరమునకు వచ్చు ఉత్తర మొకటి ఉండవలెను.

గణితము ఈ దారిని పట్టినది అమెరికాలోని బొగ్గుగనుల వలన. పెన్సిల్వేనియా రాష్ట్రములో గనిప్రమాదములు మితిమీరగా, గనులలో మేస్త్రీలు కాదలచినవారు భద్రతావిషయములలో పరీక్ష పూర్తిచేయవలెనని చట్టము వచ్చినది. గనికార్మికుల పత్రిక నొకదానిని నడపుచున్న థామస్ ఫాస్టర్, 1891లో స్క్రాంటన్ పట్టణమునుండి వారికొరకు టపాపాఠములు ప్రారంభించెను. గనిలోని గాలి ఎంత వేగముతో ప్రవహించుచున్నదో లెక్కకట్టవలెనన్న, ముందు భిన్నములు రావలెను; చిన్ననాడే బడి మానినవారికి భిన్నము లెట్లు వచ్చును? అందుచేత పాఠములు అంకగణితముతో మొదలుపెట్టవలసివచ్చెను. ప్రతి పాఠముతోను ప్రశ్నలు పోవును, జవాబులు వచ్చును, దిద్దినవి తిరిగి చేరును. ఆ సంస్థ కొలదికాలములోనే ప్రపంచములో మిక్కిలి పెద్ద టపాపాఠశాలలలో ఒకటైనది. అయితే చేరినవారిలో చివరి పాఠమువరకు నిలిచినవారు కొద్దిమందియే. పగలంతయు గనిలో పనిచేసి, రాత్రి దీపము ముందు కూర్చుండి వ్రాసిన లెక్కకు జవాబు రెండు వారములకు వచ్చిన, ఆనాటి సందేహము ఈనాటికి గుర్తుండదు. తిరుగుటపాలో జాప్యమే పట్టుదలను తినివేయును.

రేడియో వచ్చినపుడు ఈ జాప్యమునకు మందు దొరికినదని పలువురు భావించిరి. దానికి పెద్ద పరీక్ష 1937 సెప్టెంబరులో షికాగో నగరములో జరిగినది. పిల్లలను కుంటివారినిగా చేయు పోలియో వ్యాధి ఆ ఋతువున నగరములో ప్రబలినది. టీకా ఇంకను కనుగొనబడలేదు. వేసవిసెలవుల తరువాత బడులు తెరచిన ముప్పు హెచ్చునని అధికారులు వాటిని సుమారు మూడు వారములు మూసియుంచిరి. పిల్లలు వీధులలో తిరుగకుండ, చదువు చెడకుండ ఏమి చేయవలెను? పాఠశాలల అధికారి విలియం జాన్సన్ నగరములోని ఆరు రేడియో కేంద్రముల సాయము పొంది, 3వ తరగతి మొదలు 8వ తరగతివరకు గల మూడులక్షలకు పైబడిన పిల్లలకు ప్రతిదినము పాఠములు ప్రసారము చేయించెను. ఒక్కొక్క పాఠము పదునైదు నిముషములు. విజ్ఞానశాస్త్రము, సాంఘికశాస్త్రము సోమ, బుధ, శుక్రవారములలో; ఇంగ్లీషు, గణితము మంగళ, గురు, శనివారములలో. ఆనాటి పాఠమునకు కావలసిన సూచనలు, ప్రశ్నలు దినపత్రికలలో అచ్చు అయ్యెడివి. పిల్లవాడు పత్రికను ముందు పరచుకొని, పెన్సిలు చేతబట్టి, రేడియో దగ్గర కూర్చుండవలెను. నేటి ఆన్‌లైను తరగతికి ఇదియే తాత అని చెప్పుట అతిశయోక్తి కాదు.

సందేహములకై టెలిఫోను ఏర్పాటు కూడ చేసిరి. మొదటి దినముననే వేయికి మించిన పిలుపులు రాగా, మరి అయిదుగురు ఉపాధ్యాయులను అక్కడ చేర్చవలసివచ్చెను. కొందరికి రేడియోలో చప్పుడే తప్ప మాట వినబడలేదు. పాఠము మిక్కిలి వేగముగా పోవుచున్నదని కొందరు పిల్లలు మొరపెట్టుకొనిరి. ఈ రెండవ ఫిర్యాదు గణితోపాధ్యాయులు ఆలోచింపదగినది. కథ చెప్పునపుడు ఒక వాక్యము చెవినబడకున్నను తరువాతి వాక్యముతో సర్దుకొనవచ్చును. లెక్కలో ఒక మెట్టు జారిన తరువాతి మెట్లన్నియు గాలిలో నుండును. తరగతిలోని ఉపాధ్యాయుడు విద్యార్థుల ముఖములు చూచి వేగము తగ్గించును. మైక్రోఫోను ముందున్న ఉపాధ్యాయునికి ముఖములు లేవు.

ఇక్కడ చిన్న లెక్క యొకటి చేసిచూడవలెను. మూడు లక్షల పిల్లలకు ఒక గణితపాఠము వినిపించుటకు పట్టినది 15 నిముషములు. ఆ పిల్లలు తలకొక కాగితము వ్రాసి పంపిరనుకొందము. ఒక్కొక్క కాగితము దిద్దుటకు 5 నిముషములు చాలుననుకొన్నను, మొత్తము 15 లక్షల నిముషములు, అనగా 25,000 గంటలు కావలెను. ఒకరు దినమునకు 5 గంటలు దిద్దగలిగిన, ఒక్క పాఠముయొక్క కాగితములను ఒక్కదినములో ముగించుటకు 5,000 మంది ఉపాధ్యాయులు అవసరము. పంపుటకు ఒక్కరు, దిద్దుటకు అయిదువేలమంది! షికాగోలో ఈ సమస్యను బడులు తెరచువరకు వాయిదా వేసిరి. రేడియో పాఠములకు పిల్లలు తరువాత తరగతిలో జవాబుదారులని ప్రకటించిరి. మూడు వారములు గనుక అది సాగినది. మూడు నెలలైనచో ఏమగునో ఊహింపవచ్చును.

ఆస్ట్రేలియా మధ్యభాగములోని ఎడారిప్రాంతములో రేడియో మరొక విధముగా పనిచేసినది. అక్కడ పశువుల పెంపకపు స్థావరములు ఒకదానికొకటి వందల మైళ్ళ దూరములో నుండును. విమానవైద్యులను పిలుచుటకై ఆ ఇండ్లలో మాటలాడుటకును వినుటకును పనికివచ్చు రేడియో యంత్రములు అప్పటికే ఉన్నవి. ఎడిలైడ్ మీత్కె అను విద్యావేత్త సూచనపై 1951లో ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణమునుండి ఆకాశపాఠశాల ప్రారంభమైనది. మొదట ఉపాధ్యాయిని మాత్రమే మాటలాడెడిది. త్వరలోనే పిల్లలు తిరిగి ప్రశ్నలడుగు సమయము కూడ కల్పించిరి. లెక్కల కాగితములు మునుపటివలె టపాలోనే పోయివచ్చుచుండెను. ఒక్కొక్క తరగతిలో పిల్లలు కొద్దిమంది గనుకనే ఇది సాధ్యమైనది.

1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ తొలి కృత్రిమోపగ్రహమును ఎగురవేసిన తరువాత, తమ ఉన్నతపాఠశాలలలో విజ్ఞానశాస్త్ర బోధన వెనుకబడినదను ఆందోళన అమెరికాలో బయలుదేరినది. 1958లో అచటి టెలివిజను సంస్థ ఎన్‌బీసీ ‘కాంటినెంటల్ క్లాస్‌రూమ్’ అను కార్యక్రమమును ప్రారంభించెను. పనిదినములలో తెల్లవారుజామున ఆరున్నర గంటలకు అరగంట పాఠము. ముఖ్యముగా దీనిని ఉద్దేశించినది ఉన్నతపాఠశాల ఉపాధ్యాయులకు. వారు పాఠము చూచి బడికి పోవలెను. మొదట భౌతికశాస్త్రము, తరువాత రసాయనశాస్త్రము, 1960–61లో గణితము వచ్చినవి. మొదటి అర్ధసంవత్సరము బర్క్‌లీ ఆచార్యుడు జాన్ కెల్లీ నవీన బీజగణితమును, రెండవ అర్ధసంవత్సరము హార్వర్డు ఆచార్యుడు ఫ్రెడరిక్ మాస్టెల్లర్ సంభావ్యతను, సాంఖ్యకశాస్త్రమును బోధించిరి. మాస్టెల్లర్ పాఠములను చూచినవారు పదిలక్షలకు మించిరని లెక్క. కాఫీ త్రాగుచు సంభావ్యతాసిద్ధాంతము వినిన గృహస్థులును అందులో ఉందురు, అది మంచిదే. కాని కళాశాలలో నమోదై, అభ్యాసములు చేసి, పరీక్ష వ్రాసినవారు వారిలో చిన్నభాగము. వారి కాగితములను దిద్దినది టెలివిజను కాదు. ఆయా ఊళ్ళలోని కళాశాలలు.

ఇంతవరకు చెప్పినవారందరు పాఠము ఎట్లు పంపవలెనని ముందు ఆలోచించి, జవాబు సంగతి తరువాత చూచిరి. దీనిని తలక్రిందు చేసినది మాస్కోలోని ఇజ్రాయిల్ గెల్‌ఫాండ్. అతని కథను కొంత విపులముగా చెప్పుకొనవలెను.

గెల్‌ఫాండ్ 1913లో నేటి ఉక్రెయిన్ దక్షిణభాగములోని ఒక చిన్న ఊరిలో జన్మించెను. గణితగ్రంథములు కొనుటకు ఇంట డబ్బు లేదు. పదునైదేండ్ల ప్రాయమున అతనికి ఉండుకపు వాపు వచ్చి శస్త్రచికిత్స అవసరమైనది. ఉన్నతగణిత గ్రంథ మొకటి కొనిపెట్టిననే ఆసుపత్రికి వత్తునని ఆ బాలుడు పట్టుపట్టెనట! తండ్రి చేతిలోని డబ్బుకు ఆ గ్రంథముయొక్క మొదటి భాగము మాత్రము వచ్చినది. ఆసుపత్రి మంచముపై దానిని చదివి, అంతవరకు తాను వేరువేరనుకొన్న బీజగణితము, రేఖాగణితము ఒకే శాస్త్రమని గ్రహించితినని అతడు తరువాతికాలమున చెప్పెను. ఉన్నతపాఠశాల చదువు ముగియకయే 1930లో మాస్కో చేరి, చిల్లరపనులు చేసికొనుచు, పందొమ్మిదేండ్లకే విశ్వవిద్యాలయములో పరిశోధకవిద్యార్థి అయ్యెను. తరువాత ఇరువదవ శతాబ్దపు గణితజ్ఞులలో అగ్రగణ్యుడైనను, చిన్న ఊరిలో అడుగుటకు ఎవరును లేని పిల్లవాని స్థితిని అతడు మరువలేదు.

1964లో అతని నాయకత్వమున మాస్కో విశ్వవిద్యాలయమునకు అనుబంధముగా ఉత్తరప్రత్యుత్తరముల గణితపాఠశాల వెలసినది. మాస్కో, లెనిన్‌గ్రాడ్ వంటి మహానగరముల పిల్లలకు గణితవృత్తములు, ప్రత్యేకపాఠశాలలు ఉండెను. ఇది గ్రామములలోను, చిన్న పట్టణములలోను ఉన్నవారికొరకు. ప్రవేశమునకు ధ్రువపత్రములు కావలసినవి కావు. ప్రకటించిన లెక్కలకు సాధనలు వ్రాసి పంపిన చాలును. చేరినవారికి చిన్న చిన్న పుస్తకములు, అభ్యాసములు వచ్చెడివి. ‘నిరూపకముల పద్ధతి’, ‘ప్రమేయములు – గ్రాఫులు’ అను రెండు పుస్తకములను గెల్‌ఫాండ్ తన సహచరులతో కలిసి ఈ పాఠశాలకొరకే వ్రాసెను. అవి తరువాత ఎన్నో భాషలలోనికి పోయినవి.

పుస్తకములకన్న విశేషమైనది దిద్దు పద్ధతి. విద్యార్థుల నోటుపుస్తకములను దిద్దినవారు విశ్వవిద్యాలయములో గణితము చదువుచున్న యువతీయువకులు. తప్పు గుర్తు పెట్టి మార్కు వేసి పంపుట వారి పని కాదు. ఎక్కడ దారి తప్పినదో తెలిసికొని, సరియైన జవాబు తాము చెప్పక, విద్యార్థి మరల ప్రయత్నించునట్లు ఉత్తరము వ్రాయవలెను. మన సున్న పోగొట్టుకొన్న విద్యార్థిని తీసికొనుడు. “జవాబు అసంపూర్ణము” అని వ్రాసిన అతడు 5కు ప్రక్కన ఏదో యొక సంఖ్యను వెదకును. “0 కూడ జవాబే” అని వ్రాసిన దానిని చేర్చి, మరుసటి లెక్కలో మరల అదే తప్పు చేయును. “మూడవ పంక్తిలో నీవు దేనితో భాగించితివి? అది ఏ సంఖ్య అయినను భాగింపవచ్చునా?” అని వ్రాసిననే అతనికి మేలు. అట్టి ప్రశ్న వ్రాయవలెనన్న, మూడు పంక్తులును చదివిన మనిషి ఒకరు అవతల ఉండవలెను.

ఈ పాఠశాలలో మరియొక చక్కని ఏర్పాటు కలదు. ఒక ఊరి బడిలోని కొందరు పిల్లలు తమ ఉపాధ్యాయుని చుట్టు చేరి, అందరును కలిసి ఒక్క విద్యార్థివలె నమోదు కావచ్చును. దీనిని ‘సామూహిక విద్యార్థి’ అనెడివారు. లెక్కలను కలిసి చర్చించి, ఒక్క నోటుపుస్తకము పంపెదరు. దీనివలన మాస్కోలో దిద్దువారి పని తగ్గుట యొక లాభము. ఊరి ఉపాధ్యాయుడు కూడ పోయివచ్చు ఉత్తరములతోపాటు నేర్చుకొనుట అంతకన్న పెద్ద లాభము. షికాగో లెక్కలోని అయిదువేలమందికి ఇంతకంటె తెలివైన సమాధానము ఆ శతాబ్దములో మరియొకటి కనబడదు. తరువాత గెల్‌ఫాండ్ అమెరికాకు పోయి, అక్కడ రట్గర్స్ విశ్వవిద్యాలయమునుండి ఇట్టి పాఠశాలనే నడపెను. 2009లో మరణించెను.

తెలుగువారికి ఆకాశమునుండి పాఠము తొలిసారి దిగినది 1975 ఆగస్టులో. అమెరికావారి ఉపగ్రహముద్వారా ఒక సంవత్సరముపాటు ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజను ప్రసారములు జరిగినవి. వాటిలో ఆంధ్రప్రదేశ్ గ్రామములును ఉన్నవి, ప్రసారభాషలలో తెలుగును ఉన్నది. ఉదయపు ప్రసారములు చిన్న తరగతుల పిల్లలకు. కోడిగూటి వలవంటి తీగలతో చేసిన పదియడుగుల గొడుగు ఆకాశమువైపు చూచుచుండగా, బడిపిల్లలు పెట్టెముందు కూర్చుండి చూచిరి. ఆ గొడుగు పట్టుకొనుటకే గాని పంపుటకు కాదు. 1982లో హైదరాబాదున స్థాపించిన సార్వత్రిక విశ్వవిద్యాలయము, దేశములో మొదటిది, పాఠములు ముద్రించి పంపుటతో తృప్తిపడక, ఊళ్ళలో అధ్యయనకేంద్రములు నెలకొల్పుటకు కారణము ఈ లోపమే.

అంతర్జాలములో గణితపాఠముల కథ 2004లో ఒక కుటుంబవిషయముగా మొదలైనది. బోస్టన్ నగరములో ఆర్థికసంస్థలో పనిచేయుచున్న సల్మాన్ ఖాన్, న్యూ ఆర్లియన్స్ నగరములోనున్న తన బంధువుల అమ్మాయికి టెలిఫోనులో లెక్కలు చెప్పసాగెను. కొలతలను ఒక ప్రమాణమునుండి మరియొక ప్రమాణములోనికి మార్చుట ఆమెకు కొరుకుడు పడలేదు. ఇద్దరి కంప్యూటరు తెరలమీదను ఒకేసారి కనబడు పలకపై ఇద్దరును వ్రాసెడివారు. అనగా ఆదిలో ఆ పాఠము రెండువైపులది. శిష్యులు పెరిగినకొలది సమయము చాలక, 2006నుండి పాఠములను యూట్యూబ్‌లో పెట్టెను. ఎదుట చెప్పుటకన్న తెరపై చెప్పినదే మేలని అతని బంధువుల పిల్లలే అనిరట! ఆపవచ్చును, వెనుకకు త్రిప్పవచ్చును, “ఇది కూడ రాదా?” అని ఎవరును అనరు. షికాగో పిల్లల ఫిర్యాదు తీరుటకు దాదాపు డెబ్బది సంవత్సరములు పట్టినది.

తిరుగుటపా పని కంప్యూటరు అభ్యాసములకు అప్పగింపబడినది. అవి క్షణములో సరియో తప్పో చెప్పును. తప్పైన సూచన ఇచ్చును. మరియొక లెక్క ఇచ్చును. స్క్రాంటన్ కార్మికుని రెండు వారముల నిరీక్షణ తొలగినది. ఇది సామాన్యమైన మేలు కాదు. కాని నాలుగు జవాబులలో ఒకటి ఎన్నుకొను ప్రశ్నలో “0 మరియు 5” అని ఒక జవాబు కనబడగానే, పోయిన సున్న దానంతట అదే దొరకును. విద్యార్థి దానిని వెదకలేదు. మార్కు వచ్చినది, తప్పు లోపలనే ఉన్నది.

2020లో కరోనా వ్యాధి వలన బడులు మూతపడినపుడు ఈ చరిత్రయంతయు ఒక్కసారిగా ప్రతి ఇంటికిని వచ్చినది. ఆ ఏప్రిలు నాటికి ప్రపంచములో నూట యేబది కోట్లకు పైగా విద్యార్థులు బడికి దూరమైరి. తెలంగాణములో 2020 సెప్టెంబరు 1నుండి 3వ తరగతి మొదలు 10వ తరగతివరకు దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ప్రసారములద్వారా ప్రతిదినము పాఠములు ప్రారంభమైనవి; ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరి పాఠములు నడచినవి. టెలివిజను లేని ఇంటి పిల్లలు ప్రక్కింటికి పోయిరి. ఒక్క ఫోనున్న ఇంట అన్న పాఠమా, చెల్లెలి పాఠమా అన్నది ప్రతిదినము తేలవలసిన తగవు. తండ్రి ఫోనుతో పనికి పోయిన ఆనాటి పాఠము సాయంత్రమునకు గాని లేదు.

తిరుగుటపా మాత్రము ఎవరును ప్రణాళిక వేయకయే ఒక రూపు తాల్చినది. పిల్లలు నోటుపుస్తకపు పుటను ఫోటో తీసి వాట్సాప్‌లో పంపిరి. ఉపాధ్యాయులు అరచేతి వెడల్పు తెరపై ఆ పుటను పెద్దది చేసి, ఎర్రని గీత పెట్టి తిప్పి పంపిరి. నీడపడిన ఫోటోలు, పెన్సిలు చెరిపిన మరకలు, సగము తెగిన పంక్తులు. ఇట్లు ఒక్కొక్క పుట చదువుటకు మన లెక్కలోని అయిదు నిముషములు చాలవు. పంపగలిగినవారికే ఈ సౌకర్యము. ఫోను లేని విద్యార్థి సున్నను పోగొట్టుకొన్న సంగతి బడికి తెలియదు, వానికిని తెలియదు.

2020లోను, మరల 2021లోను రెండు రాష్ట్రములలో పదవ తరగతి పబ్లిక్ పరీక్షలు రద్దై, విద్యార్థులందరు ఉత్తీర్ణులని ప్రకటింపబడిరి. గణితము ఎన్నుకొన్నవారు ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరములో తెరచిన తొలి అధ్యాయము ప్రమేయములు. అక్కడ ఒక ప్రమేయము ఏ సంఖ్యలకు వర్తించునో చెప్పవలెనన్న, హారము ఎక్కడ సున్న అగునో ముందుగా చూడవలెను.